హీట్ నంబర్ చెరగకూడదంటే ఏ మార్కింగ్ మెషిన్ కొనాలి?

మార్కింగ్ మెషిన్ డెమోకు వచ్చేవాళ్లు పాలిష్ పట్టిన అల్యూమినియం ముక్క ఒకటి వెంట తెస్తారు. ఏ మెషిన్‌తో కొట్టినా దాని మీద నంబరు ముచ్చటగానే పడుతుంది. మన షాపులో పార్టుల సంగతి వేరు. కొన్నింటిని బ్లాస్టింగ్ చేసి (ఇసుక లాంటి రేణువులను వేగంగా చిమ్మి శుభ్రం చేసి) పెయింట్ కొడతారు. కొన్నింటిని జింకులో ముంచుతారు, కొన్నింటికి పిక్లింగ్ పేస్టు (వెల్డింగ్ మరకలు తీసే ఆమ్లపు ముద్ద) పూస్తారు. అవన్నీ అయ్యాక కూడా ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి హీట్ నంబర్, అంటే ఆ లోహం ఏ విడతలో కరిగించి పోసిందో చెప్పే నంబరు, చదవగలగాలి. చదవలేకపోతే మెటీరియల్ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఆ ఫ్లాంజికి (పైపులను బోల్టులతో కలిపే చక్రానికి) దిక్కు లేదు. అందుకే మార్కింగ్ తర్వాత పార్టు మీద ఏమేం పనులు జరుగుతాయో వరసగా కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే మెషిన్ల వైపు చూడాలి.

చేత్తో పట్టుకుని వాడే మెషిన్లలో ఫ్యాబ్రికేషన్ షాపులకు, వాల్వులు, ఫ్లాంజిలు చేసేవాళ్లకు మా మొదటి ఓటు డాట్ పీన్‌కు. కార్బైడ్ మొన ఉన్న స్టైలస్ చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ అక్షరం కడుతుంది. సిక్ మార్కింగ్, టెక్నిఫోర్, టెలిసిస్, ఆస్లింగ్ లాంటి పేరున్న కంపెనీలతో పాటు చైనా నుంచి వచ్చే చవక మెషిన్లు కూడా ఇక్కడ దొరుకుతున్నాయి. రకాలు ముఖ్యంగా రెండు. ఒకటి కరెంటు కాయిల్‌తో కొడుతుంది, బ్యాటరీతో కూడా నడుస్తుంది. రెండోది కంప్రెసర్ గాలితో, సుమారు 4 నుంచి 6 బార్ ప్రెజర్ మీద కొడుతుంది.

యార్డులో తిరుగుతూ పైపులకు, ప్లేట్లకు నంబర్లు వేసేవాళ్లకు బ్యాటరీ మెషిన్ హాయి. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) మీద 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల లోతు వస్తుంది. మామూలు పెయింటుకు అది సరిపోతుంది, పౌడర్ కోటింగ్ 60 నుంచి 80 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి దానికీ చాలు. అయితే గంటల తరబడి ఆపకుండా కొడితే కాయిల్ వేడెక్కుతుంది. మంచి మెషిన్ అయితే తనంతట తాను ఆగిపోతుంది. నాసిరకం మెషిన్ ఆగదు, దెబ్బ మాత్రం పలచబడుతూ పోతుంది. ఉదయం వేసిన నంబరునూ సాయంత్రం వేసిన నంబరునూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. గాలితో నడిచేదానికి ఆ బెడద లేదు, లోతు కూడా ఎక్కువ. దానికి హోస్ తోకలా వెంటే ఉంటుంది. పైగా వానాకాలంలో కంప్రెసర్ లైనులో నీళ్లు దిగుతాయి కాబట్టి ఫిల్టర్ రెగ్యులేటర్ లేకుండా వాడితే పిస్టన్ బిగుసుకుపోతుంది.

గాల్వనైజింగ్, అంటే కరిగిన జింకులో ముంచడం, ఉంటే లెక్క మొత్తం మారుతుంది. 6 మిల్లీమీటర్లు దాటిన ఉక్కు మీద హాట్ డిప్ జింకు పొర ఐఎస్ఓ 1461 ప్రకారం సగటున 85 మైక్రాన్లు ఉండాలి. పైగా జింకు చుక్కల గుంటల్లోకి చేరి గడ్డకడుతుంది. 0.2 మిల్లీమీటర్ల నంబరు అక్కడ బతకదు. కనీసం 0.8 మిల్లీమీటర్లు కావాలి, అక్షరం ఎత్తు 13 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. టవర్ యాంగిళ్లు చేసే చోట పెద్ద పంచ్‌లు, హైడ్రాలిక్ ప్రెస్‌లు ఇంకా నడుస్తున్నది ఇందుకే. చిన్న బ్యాటరీ మెషిన్ ఆ పని కూడా చేస్తుందని ఎవరైనా అంటే, జింకులో ముంచి తీసిన ముక్క మీద చూపించమనండి.

మార్కింగ్ విండో, అంటే మెషిన్‌ను జరపకుండా ఒకసారికి కొట్టగల చోటు, కూడా ఆలోచించే తీసుకోవాలి. 60×25 మిల్లీమీటర్లది చాలామందికి సరిపోతుంది. పెద్ద విండో ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది గానీ బరువు పెరుగుతుంది, వంపు మీద ఇబ్బందీ పెరుగుతుంది. 2 అంగుళాల పైపు బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. దాని నడినెత్తి నుంచి పక్కకు 12.5 మిల్లీమీటర్లు (విండో వెడల్పులో సగం) జరిగితే ఉపరితలం 2.7 మిల్లీమీటర్లు కిందికి దిగిపోతుంది. 5 మిల్లీమీటర్లే జరిగితే దిగేది 0.4. అంటే పైపు మీద మూడు వరుసలు పేర్చే బదులు, పొడవు వెంబడి ఒకే వరుస నెత్తి మీద కొట్టాలి. మెషిన్ కాళ్లు పైపు మీద కుదురుగా కూర్చునే వీ ఆకారపు అటాచ్‌మెంట్ ధరలో కలిసే ఉందా, విడిగా కొనాలా అన్నది కొటేషన్‌లో రాయించుకోండి.

ఇక లోపాల సంగతి. మొదటి అక్షరాలు గట్టిగా పడి చివరివి పలచగా పడుతుంటే మెషిన్ ఒక పక్కకు వాలిందని అర్థం. అన్ని అక్షరాలూ వెడల్పుగా, లోతు లేకుండా పడితే స్టైలస్ మొన అరిగింది. డైమండ్ వీల్ మీద పాత కోణమే ఉంచుతూ సాన పట్టించుకోవచ్చు. కోణం మారితే లోతూ మారుతుంది. మెత్తటి లోహానికి 90 డిగ్రీల మొన నడుస్తుంది. గట్టి ఉక్కుకు అంతకన్నా మొద్దు కోణం కావాలి, లేకపోతే మొన విరుగుతుంది. మొన బాగానే ఉన్నా గీతలు వణికినట్టు పడుతుంటే స్టైలస్ బుష్ (స్టైలస్‌ను కదలకుండా పట్టే గొట్టం) అరిగిందన్నమాట, మొన మార్చి లాభం లేదు. హార్డ్‌నెస్ 60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి స్కేలు) దగ్గరికి వచ్చిన జాబ్ మీద డాట్ పీన్ వాడకపోవడమే మేలు. 2 మిల్లీమీటర్ల లోపు రేకు మీద కొడితే అవతలి వైపు పొడుచుకొస్తుంది, చప్పుడు షెడ్డంతా మోగుతుంది. కింద ఇసుక బస్తా ఆనించినా ఇయర్‌ప్లగ్స్ తప్పవు.

బ్రోషర్లలో కనపడని ఇంకో చిక్కు ఉంది. బ్యాటరీ అయిపోయి మార్చినప్పుడు సీరియల్ నంబర్ ఎక్కడ ఆగిందో మెషిన్ గుర్తుపెట్టుకుంటుందా? గుర్తుపెట్టుకోకపోతే రెండు వాల్వుల మీద ఒకే నంబరు పడుతుంది. అది డెస్పాచ్ దాటాక బయటపడితే మొత్తం లాట్ మీదే అనుమానం వస్తుంది. డెమోలోనే నంబరు మధ్యలో ఉండగా బ్యాటరీ ఊడబీకి చూడండి.

లేజర్ దగ్గర మాత్రం కాస్త నిదానించాలి. 20 వాట్ల ఫైబర్ లేజర్‌ను హ్యాండిల్ తగిలించి పోర్టబుల్ పేరుతో అమ్ముతున్నారు. అక్షరం నాణ్యతలో దానికి సాటి లేదు, అరిగే మొన ఉండదు, 2 మిల్లీమీటర్ల అక్షరం కూడా స్పష్టంగా వస్తుంది. కానీ 1064 నానోమీటర్ల కిరణం కంటికి కనపడదు, రెప్ప వాల్చే వ్యవధి కూడా ఉండదు. ఇది క్లాస్ 4 లేజర్, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి. మెరిసే ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) మీద తగిలి తిరిగొచ్చిన కిరణం అటుగా నడుస్తున్న మనిషి చూపు తీయగలదు. కళ్లజోడు ముదురు రంగులో ఉంటే సరిపోదు, దాని మీద 1064 నానోమీటర్లకు ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, కిరణాన్ని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 6 లేదా అంతకన్నా ఎక్కువ అని ముద్రించి ఉండాలి. ఆపరేటర్ ఒక్కడే పెట్టుకున్నా చాలదు, చుట్టూ తెర కట్టాలి, ముక్కు జాబ్‌కు ఆనకపోతే కిరణం ఆగే ఇంటర్‌లాక్ ఉండాలి. ఈ ఏర్పాట్లు చేయలేని తెరిచిన షెడ్డులో, పదిమంది తిరిగే చోట చేతి లేజర్ కొనవద్దనే చెబుతాం.

లోతు విషయంలోనూ ఆశలు పెద్దవిగా పెట్టుకోకూడదు. 20 వాట్లతో 0.1 మిల్లీమీటర్ల లోతు తీయాలంటే ఒకే గీత మీద మళ్లీ మళ్లీ తిప్పాలి. డాట్ పీన్ కొన్ని సెకన్లలో ముగించే నంబరుకు నిమిషాలు పట్టవచ్చు. ఎస్ఎస్ మీద వేగంగా వచ్చే నల్లటి మార్కు వేడికి ఏర్పడిన ఆక్సైడ్ పొర మాత్రమే, దానికి లోతు లేదు. ఫార్మా రియాక్టర్లు చేసే హైదరాబాద్ షాపులకు ఇది ముఖ్యం. పిక్లింగ్ పేస్టులోని ఆమ్లం ఆ పొరను కడిగేస్తుంది. పిక్లింగ్ అయ్యాకే వేద్దామంటే, మార్కు పడిన చోట తుప్పు నిరోధం తగ్గుతుంది. వేసవిలో రేకుల షెడ్డు 40 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాన్‌తో చల్లబడే చాలా లేజర్లకు అక్కడే హద్దు.

పలచటి ఎస్ఎస్‌కు, హార్డెన్ చేసిన టూల్స్‌కు, బేరింగ్‌లకు, దెబ్బ తగలకూడని ఏ పార్టుకైనా ఎలక్ట్రోకెమికల్ మార్కింగ్ మంచి దారి. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ గానీ పెట్టుబడి అన్నిటికన్నా తక్కువ దీనికే. చిన్న పవర్ సప్లై, స్టెన్సిల్, ఎలక్ట్రోలైట్‌తో తడిపిన ఫెల్ట్ ప్యాడ్ ఉంటే చాలు. ముందు నూనె, గ్రీజు తుడవాలి. ఎర్త్ క్లిప్పు పెట్టి, స్టెన్సిల్ పరిచి, ప్యాడ్‌ను రెండు నుంచి ఐదు సెకన్లు ఆనించాలి. ఏసీలో నల్లటి మార్కు, డీసీలో లోతు వస్తాయి. తర్వాత న్యూట్రలైజర్‌తో తుడిచి, కడిగి, ఆరబెట్టాలి. ఈ చివరి పని ఎగ్గొడితే ఉప్పు మిగిలి వారంలో అక్షరాల చుట్టూ తుప్పు మరక తేలుతుంది. అక్షరాలు అలుక్కుపోతే ప్యాడ్ మరీ తడిగా ఉందని అర్థం. లోహాన్ని బట్టి ఎలక్ట్రోలైట్ మారుతుంది, ఒకే సీసాతో ఎంఎస్, అల్యూమినియం రెండూ నడపకూడదు. పెయింట్ మీద, అనోడైజ్ చేసిన ఉపరితలం మీద కరెంటు పారదు కాబట్టి ఇది పనిచేయదు.

కస్టమర్ డేటా మ్యాట్రిక్స్ కోడ్ (క్యూఆర్ కోడ్ లాంటి చదరపు గడుల కోడ్) అడిగితే, 16×16 గడుల కోడ్‌లో 24 అంకెలు, లేదా అంకెలూ అక్షరాలూ కలిపి 16 పడతాయి. గడి 0.5 మిల్లీమీటర్లు అనుకుంటే కోడ్ 8 మిల్లీమీటర్లు, చుట్టూ ఒక గడి ఖాళీతో 9. చుక్కకూ చుట్టూ ఉన్న లోహానికీ రంగు తేడా ఉండదు కనుక డాట్ పీన్‌తో కొట్టిన కోడ్‌ను ఫోన్ సరిగా చదవలేదు. పక్కవాటు వెలుతురు వేసే రీడర్ కావాలి, ఆ ఖర్చు మెషిన్ ధరకు కలుపుకోవాలి. గ్రేడు ఐఎస్ఓ 29158 (పార్టు మీదే వేసిన కోడ్‌ల నాణ్యతను కొలిచే ప్రమాణం) ప్రకారం అడుగుతున్నారా, చదివితే చాలంటున్నారా అన్నది ఆర్డర్ తీసుకునేటప్పుడే తేల్చుకోండి.

ప్రెజర్ వెసెల్ (ఒత్తిడిని తట్టుకునే ట్యాంకు) పనైతే దాని తయారీ నియమావళి ఏమంటుందో, డ్రాయింగ్‌లో ఏముందో ముందు చూడాలి. పలచటి ప్లేట్లకు, కొన్ని రకాల వాడకాలకు పంచ్ దెబ్బ నిషేధం. అనుమతి ఉన్నచోట కూడా గుండ్రటి మొన ఉన్న లో స్ట్రెస్ పంచ్ అడుగుతారు. పదునైన అంచున్న పంచ్ కోసిన గాడి దగ్గర పగులు మొదలయ్యే ప్రమాదం ఉంది కాబట్టి. డాట్ పీన్ మొన గుండ్రంగానే ఉంటుంది గానీ, దాన్ని లో స్ట్రెస్‌గా ఒప్పుకోవడం ఇన్‌స్పెక్టర్ చేతిలో పని. రాతపూర్వకంగా తీసుకోండి.

డెమోకు మన ముక్కలే ఇవ్వాలి. మిల్ స్కేలు (రోలింగ్‌లో పట్టే నల్లటి ఆక్సైడ్ పొర) ఉన్న ప్లేటు ఒకటి, చిన్న పైపు ఒకటి, గ్రైండింగ్ చేసిన ఎస్ఎస్ ఒకటి. నంబరు కొట్టించి వాటిని మన బ్లాస్టింగ్‌కు, పెయింటుకు లేదా గాల్వనైజింగ్‌కు పంపి, తిరిగొచ్చాక చదవాలి. వాటితో పాటు స్టైలస్, బుష్, రిటర్న్ స్ప్రింగ్ ఊళ్లో స్టాకు ఉన్నాయా, కాయిల్ పోతే ఎన్ని రోజుల్లో వస్తుందో అడగండి. ఆర్డర్‌తో పాటే రెండు స్టైలస్‌లు, ఒక స్ప్రింగు, రెండో బ్యాటరీ రాయించుకోండి.