శ్రీకాకుళంలో ఉప్పునీటి అక్వేరియం: నాలుగున్నరేళ్ల వాడకం తర్వాత

మా ఇంటికి వచ్చినవారు హాల్లోని అక్వేరియాన్ని చూసి ముందుగా అడిగేది ఒకటే: కళింగపట్నం పట్టుమని ముప్పై కిలోమీటర్లు లేదు, సముద్రాన్ని పక్కన పెట్టుకుని ఉప్పు కొనడమెందుకని. 2021 జనవరిలో తొట్టె నింపే ముందు నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నేళ్లలో పెట్టిన ఖర్చులోనూ, పడిన శ్రమలోనూ, పోయిన ప్రాణాల్లోనూ ఎక్కువ భాగం నీటి విషయంలో చేసిన పొరపాట్ల వల్లనే కాబట్టి ఈ సమీక్షను చేపలతోనో లైట్లతోనో కాకుండా నీటితోనే మొదలుపెడుతున్నాను.

ఇరవై లీటర్ల డబ్బాలు రెండు పట్టుకుని కళింగపట్నం వెళ్లిన రోజు, పడవ దగ్గర వల సరిచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చూసి "ఏటి బావూ, సముద్రాన్ని ఇంటికట్టుకెల్లిపోతన్నారేటి?" అని అడిగాడు. తెచ్చిన నీటిని ఒక రాత్రి కదపకుండా ఉంచితే, డబ్బా అడుగున వేలితో గీత గీయగలిగినంత ఒండ్రు పేరుకుంది. రిఫ్రాక్టోమీటరులో చూస్తే ఉప్పదనం 31 వచ్చింది, అంటే కిలో నీటిలో 31 గ్రాముల లవణాలు. అదే చోట అక్టోబరులో మళ్లీ చూస్తే 24. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. దానికి తోడు గంగ, మహానది వంటి పెద్ద నదులు బంగాళాఖాతంలో పోసిన మంచినీరు వర్షాకాలం ముగిసే వేళకు తీరం వెంబడి దక్షిణానికి దిగివస్తుంది. నేను పెంచాలనుకున్న పగడపు దిబ్బల జీవులకేమో ఏడాది పొడవునా 35 దగ్గర నిలకడగా ఉండాలి. లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో ఉన్నటువంటి దిబ్బలు మన తీరంలో పెరగకపోవడానికి ఈ మంచినీరు, ఈ ఒండ్రే ముఖ్య కారణాలు. ఆ రెండు డబ్బాల నీరూ కొబ్బరిచెట్టు మొదట్లో పోయడానికి కూడా పనికిరాక కాలువలో పోశాను.

ఉప్పు కొనక తప్పదని తేలాక మా అమ్మ నౌపడ ఉప్పు తెమ్మన్నది. అది వంటకు ఎంత మంచిదైనా ఇక్కడ పనికిరాదు. ఉప్పు మడుల్లో నీరు ఆవిరయ్యేటప్పుడు కాల్షియం లవణాలు ముందే అడుగుకు దిగిపోతాయి, మెగ్నీషియం, పొటాషియం చివర మిగిలే చేదు నీటిలో ఉండిపోతాయి. మధ్యలో గడ్డకట్టి మన చేతికి వచ్చేది దాదాపు సోడియం క్లోరైడు ఒక్కటే. అక్వేరియం ఉప్పులో ఆ పోయినవన్నీ తిరిగి కలిపి ఉంటాయి. లీటరుకు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. నేను వారానికి 15 లీటర్లు మారుస్తాను కాబట్టి ఏడాదికి 780 లీటర్ల నీరు, ఇరవై తొమ్మిది కిలోల దాకా ఉప్పు ఖర్చవుతుంది. ఈ లెక్క మొదలుపెట్టకముందే వేసుకోవడం మంచిది, ఎందుకంటే తొట్టె ఖర్చు ఒక్కసారిదే గాని ఉప్పు ఖర్చు ఆగేది కాదు.

ఉప్పు కలిపే నీరు మరో అధ్యాయం. మా బోరు నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం, 600 పైచిలుకు. మొదటి రెండు నెలలు వీధిలో అమ్మే మినరల్ వాటర్ డబ్బాలతో నెట్టుకొచ్చాను. వాటి టీడీఎస్ 60 దగ్గర ఉండేది, తాగడానికి ఇబ్బంది లేదు. కానీ ఇసుక మీద, రాళ్ల మీద, చివరకు అద్దం మీద గోధుమరంగు పొర పరుచుకుని, ఉదయం తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వచ్చేది. అది డయాటమ్ అనే నాచు. నీటిలో మిగిలిన సిలికేటు దానికి మేత. ఇంట్లో ఆర్‌వోకు చివర, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించి టీడీఎస్‌ను సున్నాకు తెచ్చిన ఆరు వారాల్లో ఆ పొర దానంతట అదే పోయింది. పరికరాలన్నిటిలో పెట్టిన డబ్బుకు పూర్తి విలువ ఇచ్చింది ఏదని అడిగితే, రెండు వేల రూపాయలు కూడా కాని ఆ రెజిన్ గొట్టమే అంటాను.

ఇక తొట్టె మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. పది మిల్లీమీటర్ల గాజుతో విశాఖపట్నంలో చేయించాను. కింద స్టాండులో చిన్న సంపు, అంటే పరికరాలు పెట్టే మరో తొట్టె, ఉంది. రాళ్లు, ఇసుక పోను రెండిటిలో కలిపి 180 లీటర్ల నీరు ఉంటుంది. హీటరు, స్కిమ్మరు సంపులోనే దాక్కుంటాయి. స్కిమ్మరు సన్నని బుడగలతో నీటిలోని మురికిని నురుగుగా పైకి లేపి కప్పులో పోస్తుంది. వారానికి రెండుసార్లు ఆ కప్పు కడిగేటప్పుడు డికాషన్ రంగులో, చేపల బజారు వాసనతో వచ్చే ద్రవాన్ని చూస్తే, అదంతా నీటిలోనే కుళ్లి ఉంటే ఏమయ్యేదో అర్థమవుతుంది. మొదటి ఏడాది మొత్తం ఖర్చు లక్షా పది వేలు దాటింది. అందులో చేపల వాటా పది వేల లోపే.

రాళ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. విదేశాల్లో ఈ అభిరుచి ఉన్నవారు లైవ్ రాక్ వాడమంటారు. అది నిజానికి చచ్చిన పగడాల అస్థిపంజరం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నీ ఉన్నాయి. సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా ఆ చట్టం రక్షణలో ఉన్నవే. రాతి పగడాలున్నది పులి ఉన్న షెడ్యూలులోనే. అందుచేత చౌకగా వస్తుందని ఎవరైనా సముద్రం నుంచి తీసిన రాయి ఇస్తామంటే తీసుకోకూడదు. చట్టానికి భయపడి మాత్రమే ఈ మాట అనడం లేదు. ఒక అంగుళం పగడం పెరగడానికి ఏళ్లు పడుతుందని తెలిసినవాడు దాన్ని గునపంతో పెళ్లగించి మన హాల్లో పెట్టుకోవడానికి ఒప్పుకోలేడు. నేను సిరామిక్ రాళ్లు పేర్చాను. వాటి మీద రాతి పగడాల జాతికి చెందని మష్రూమ్‌లు, జోయాంథస్‌లు అనే మెత్తటి సముద్రజీవులను పెంచుతున్నాను. అవి కూడా దిగుమతి బిల్లు చూశాకే కొన్నాను. జోయాంథస్‌లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. వాటిని ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఉండాలి. అవి ఉన్న రాయిని వేడినీటిలో వేయడం, బ్రష్‌తో రుద్దడం ఎన్నడూ చేయకూడదు.

చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా కొత్త రాయిలో ఉండదు కాబట్టి దాన్ని పెంచడానికి చేపలు లేకుండానే అమ్మోనియా చుక్కలు వేసి ఎదురుచూడాలి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, మరొకటి నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నాకు 38 రోజులు పట్టింది. సాలిఫర్ట్ అనే నీటి పరీక్ష కిట్‌తో రోజూ సాయంత్రం చూసేవాడిని. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమై, నైట్రైటు కూడా కనబడకుండా పోయిన రోజున తొట్టె సిద్ధమైనట్టు.

మన ప్రాంతంలో అసలు పరీక్ష ఎండ, కరెంటు. మే నెలలో మా హాల్లో 35 డిగ్రీలుంటే తొట్టెలో 31 దాటేది. ఉండవలసింది 25 నుంచి 27. నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెడితే మూడు డిగ్రీలు తగ్గాయి గాని, తేమ ఎక్కువగా ఉండి ఒళ్లు జిగటగా ఉండే రోజుల్లో నీరు ఆవిరి కాక ఒకటిన్నర డిగ్రీ కూడా తగ్గేది కాదు. పైగా ఫ్యాన్ల వల్ల రోజుకు మూడు లీటర్లు ఆవిరయ్యేవి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి తగ్గిన మేరకు పోయవలసింది ఉప్పు లేని నీరు. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాననుకున్నాను. బొబ్బిలిలో పెళ్లికని ఆరు రోజులు వెళ్లినప్పుడు, ఇంట్లో ఉన్నవారు పాపం రోజూ శ్రద్ధగా నీరు పోశారు, అయితే పక్కనే ఉన్న ఉప్పునీటి డ్రమ్ములోంచి. తిరిగి వచ్చి చూస్తే ఉప్పదనం 38.5. మష్రూమ్‌లన్నీ బటన్‌లంత ముడుచుకుపోయాయి. ఒక్కసారిగా తగ్గిస్తే మరింత ప్రమాదం కాబట్టి రోజుకు మూడేసి లీటర్లు తీసి అంతే మంచినీరు పోస్తూ వారం రోజులకు దారికి తెచ్చాను. ఇప్పుడు ఒక డ్రమ్ము నీలం, ఒకటి తెలుపు. నీలం డ్రమ్ముకు తాళం ఉంది. రెండో వేసవికి నీటిని చల్లబరిచే చిల్లరు కొన్నాను. ధర ఎక్కువ, కరెంటు బిల్లు పెరిగింది, అది వదిలే వేడి హాల్లోనే తిరుగుతుంది. అయినా ఈ జిల్లాలో అది విలాసం కాదు, అవసరం.

ఉప్పదనం కొలిచే సాధనం గురించి కూడా ఇక్కడే చెబుతాను. ప్లాస్టిక్ ముల్లు ఉన్న హైడ్రోమీటరు ఉప్పదనాన్ని నీటి సాంద్రతను బట్టి చెబుతుంది; అది నాకు 1.025 అని చూపినప్పుడు నిజంగా ఉన్నది 1.021. రిఫ్రాక్టోమీటరే కొనాలి, దాన్ని నెలకోసారి ఉప్పదనం 35 ఉన్న ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవాలి.

2021 సెప్టెంబరు 26, ఆదివారం. గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి. తొట్టెకు అప్పటికి ఎనిమిది నెలలు. కరెంటు పోగానే ఫ్యాన్లు, లైట్లు ఆపి ఇన్వర్టరును పంపు ఒక్కదానికే వదిలాను, కానీ పాత బ్యాటరీ తెల్లవారుజామున మూడింటికి చేతులెత్తేసింది. నీరు కదలకపోతే అందులోకి ప్రాణవాయువు చేరదు, ఉన్నదాన్ని రాళ్లలోని బ్యాక్టీరియా కూడా పంచుకుంటుంది. అరగంటలో చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి మూయడం మొదలుపెట్టాయి. నేను, నా భార్య వంతులు వేసుకుని చెంబుతో నీరు ముంచి అడుగు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ కూర్చున్నాం. బయట గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి, లోపల టార్చి వెలుగులో చెంబు నీళ్ల చప్పుడు. తెల్లారాక ఒక మిత్రుడు వలల దగ్గర వాడే బ్యాటరీ గాలి పంపు తెచ్చి ఇచ్చాడు. సాయంత్రం కరెంటు వచ్చేదాకా అదే నిలబెట్టింది. ఆ రాత్రి ఒక్క ప్రాణీ పోలేదు. అలాంటి పంపులు ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి, ఏటా సెప్టెంబరు ఒకటిన వాటి బ్యాటరీలు మారుస్తాను.

పోయిన ప్రాణం నా మొదటి గోబీ చేపది. చెన్నై నుంచి ఆక్సిజన్ సంచిలో, థర్మోకోల్ పెట్టెలో రాత్రి బస్సులో ఏప్రిల్ ఎండకు వచ్చింది. ఎక్కడో విన్నదాని ప్రకారం సంచి విప్పి, చుక్క చుక్కగా మా నీరు కలుపుతూ రెండు గంటలు ఉంచాను. ఆ రెండు గంటల్లోనే అది పక్కకు ఒరిగింది. కారణం తర్వాత తెలిసింది. మూసిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు వల్ల నీరు ఆమ్లంగా ఉండి, అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. దూరం నుంచి వచ్చిన చేపల విషయంలో అమ్మేవారిని ముందే ఉప్పదనం అడిగి, వేరే చిన్న తొట్టెలో అంతే ఉప్పదనంతో నీరు సిద్ధంగా పెట్టుకోవాలి. మూసిన సంచిని ఇరవై నిమిషాలు అందులో తేల్చి వేడి సమం కాగానే, సంచి నీటిని పారబోసి చేపను మాత్రం వదలాలి. ఆ తొట్టెలోనే నాలుగు వారాలు విడిగా ఉంచాలి. తెల్లమచ్చల జబ్బుకు రాగి మందు వేయవలసి వచ్చినా అక్కడే వేయాలి, ప్రధాన తొట్టెలో వేస్తే రొయ్యలు, నత్తలు, మష్రూమ్‌లు అన్నీ పోతాయి.

ఇప్పుడు తొట్టెలో ఒక జత క్లౌన్ చేపలు, రెండు బంగ్గాయి కార్డినల్‌లు, ఒక ఫైర్‌ఫిష్ గోబీ, ఒక క్లీనర్ రొయ్య, పది నత్తలు ఉన్నాయి. ఇంతకు మించి వేయను. నీలి సర్జన్ చేప కావాలని పిల్లలు అడుగుతారు గాని దానికి మూడడుగుల తొట్టె జైలే. క్లౌన్‌లు మాత్రం హేచరీలో పుట్టినవే కావాలని పట్టుబట్టాను. వాటిని పొదిగించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో సాధించారు, ఇక సముద్రం నుంచి పట్టి తేవలసిన పని లేదు. ఈ చేపలన్నీ మగవిగానే ఎదుగుతాయి, జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. మా ఇంట్లో అది జరగడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత అద్దం తుడవడానికి చేయి పెడితే ఆడది వచ్చి ముంజేతి వెంట్రుకలు పట్టి లాగుతుంది. 2023 మార్చిలో రాయి వెనుక నారింజరంగు గుడ్లు కనబడ్డాయి. మగది రోజంతా వాటి ముందు నిలబడి రెక్కలతో విసురుతూ, తెల్లబడిన గుడ్డును నోటితో ఏరేస్తూ ఉంటుంది. ఆరో రోజుకు ఒక్కో గుడ్డులో వెండిరంగు కళ్లు రెండేసి కనిపించాయి. ఎనిమిదో రాత్రి లైటు ఆరిన గంటకు పిల్లలు బయటికి వచ్చాయి, తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. వాటికి మొదటి ఆహారం రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు. ఆ పెంపకాన్ని ఇప్పుడు మేడ మీద రెండు బకెట్లలో నేర్చుకుంటున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ జిల్లాలో తగిన కాలం తుఫానుల ఉధృతి తగ్గే నవంబరు నెలాఖరు. అప్పుడు నీరు నింపితే సంక్రాంతి దాటేసరికి తొట్టె సిద్ధమవుతుంది, చేపలు చలిలోనే ప్రయాణం చేసి వస్తాయి, ఎండ ముదిరేలోగా వాటికి రెండు నెలల వ్యవధి దొరుకుతుంది. ఆ తొలి గోబీని నేను ఏప్రిల్ ఎండలో తెప్పించకుండా ఉండవలసింది.