భూకంపం తర్వాత ఊరు మారిన అద్దకం: కచ్ఛ్ అజ్రఖ్ దుపట్టా సమీక్ష

గుజరాత్‌లోని కచ్ఛ్ జిల్లాలో భుజ్ పట్టణానికి తూర్పున, భచావు వెళ్లే దారిలో ఉన్న అజ్రఖ్‌పూర్‌లో తరతరాలుగా అద్దకం చేసే ఖత్రీల కుటుంబం ఒకటి నడిపే చిన్న అద్దకం పనిశాలలో ఈ దుపట్టా కొన్నాను. పొడవు రెండున్నర మీటర్లు. కాలా పత్తి నూలుతో చేమగ్గం మీద నేసిన గుడ్డ, దాని మీద ఎరుపు, నీలం, నలుపు, తెలుపు రంగుల అజ్రఖ్ అచ్చులు. చెక్క అచ్చులతో, సహజ రంగులతో చేసే అక్కడి సంప్రదాయ అద్దకమే అజ్రఖ్. ధర 2,800 రూపాయలు. ఎనిమిది నెలలుగా వాడుతున్నాను, పదిసార్లకు పైగా ఉతికాను, కాబట్టి దీని మంచిచెడ్డలు ఇప్పుడు నమ్మకంగా రాయగలను. అయితే ఆ ఊరు ఎందుకు పుట్టిందో చెప్పకుండా ఈ గుడ్డ నాణ్యత గురించి చెప్పడం కుదరదు, ఎందుకంటే ఇందులోని ఎరుపుకూ 2001 నాటి భూకంపానికీ నేరుగా సంబంధం ఉంది.

ఆ ఏడాది జనవరి 26న ఉదయం 8 గంటల 46 నిమిషాలకు కచ్ఛ్‌లో 7.7 తీవ్రతతో భూమి కంపించింది. గుజరాత్‌లో 13 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. భుజ్, భచావు, అంజార్, రాపర్ పట్టణాలతోపాటు వందల గ్రామాలు కూలిపోయాయి. అలా కూలిన వాటిలో ధమడ్కా ఒకటి. పదహారో శతాబ్దంలో సింధ్ నుంచి వచ్చిన ఖత్రీలు, సారణ్ నది నీళ్లు అద్దకానికి అనువుగా ఉన్నాయని ఏరికోరి స్థిరపడిన ఊరు అది. నది ఎండిపోయి బావుల మీద ఆధారపడవలసిన రోజులు భూకంపానికి ముందే వచ్చాయి. భూకంపం తర్వాత ఆ భూగర్భ జలంలో ఇనుము కూడా పెరిగిపోయింది. కూలిన గోడలు మళ్లీ లేపుకోవచ్చు గానీ, నీళ్లు పాడైతే అద్దకం చేసేవారికి నోట మన్ను పడినట్టే.

ఇనుముతో వచ్చే చిక్కు ఏమిటో ఆ పనిశాల పెద్దాయన రెండు గుడ్డ ముక్కలు పక్కపక్కన పెట్టి చూపించారు. అజ్రఖ్‌లో గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లంతో ఊరబెట్టి తీసిన ద్రవాన్ని చింతగింజల పిండితో చిక్కగా చేసి అచ్చు వేస్తే, అది పడిన చోట కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. పటిక అద్దిన చోట మంజిష్ఠ అనే మొక్క వేరు నుంచి వచ్చే ఎరుపు పట్టుకుంటుంది. అంటే ఇనుము అచ్చు పడిన చోట మాత్రమే ఉండాలి. ఉతికే నీళ్లలోనే ఇనుము ఉంటే గుడ్డంతా లోలోపల నల్లబారుతుంది. ఆయన చూపిన రెండు ముక్కల్లో ఒకటి దానిమ్మ గింజలా మెరిసింది, ఇంకొకటి అదే అచ్చు, అదే చేతిపని అయినా, ఎండిన ఇటుక రంగులో మసకగా, తెల్ల గీతలు మాసినట్టుగా ఉంది. ఈ తేడాను భరించలేకనే డాక్టర్ ఇస్మాయిల్ మహమ్మద్ ఖత్రీ వంటి పెద్దలు ముందు నిలబడి, మంచినీళ్లున్న చోట స్థలం చూసి కొత్త ఊరు కట్టుకున్నారు, దానికి అజ్రఖ్‌పూర్ అని తమ పని పేరే పెట్టుకున్నారు. కొన్ని కుటుంబాలు ధమడ్కాలోనే ఉండిపోయి ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాయి.

ఇక నా దుపట్టా విషయానికి వస్తే, మొదట మెచ్చుకోవలసింది ఎరుపునే. పది ఉతుకుల తర్వాత అది వెలవలేదు సరికదా, ఇంకాస్త లోతుగా కనిపిస్తోంది. రంగు అంటకుండా సున్నం, తుమ్మజిగురు కలిపి వేసిన గీతల వల్ల మిగిలిన తెలుపు, నక్షత్రాల అంచుల వెంట దారం పోగంత సన్నగా, ఎక్కడా చెదరకుండా ఉంది. గుడ్డను తిరగేస్తే రెండో వైపున కూడా అదే అచ్చు, అదే చోట పడింది. ఇలా రెండు వైపులా అచ్చు వేయడాన్ని వారు బిపురి అంటారు, ఇందుకు పని రెట్టింపవుతుంది. నేను భూతద్దం పెట్టి చూసిన ఒక మూలలో రెండో వైపు అచ్చు వెంట్రుకవాసి మాత్రమే తప్పింది. ఆ తేడా నాకు లోపంగా అనిపించలేదు, పని చేసిన చేతి ఆనవాలుగానే అనిపించింది.

అసలు లోపాలు వేరే ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. మొదటి మూడు ఉతుకుల దాకా నీలిమందు వదిలింది. ఒక తెల్ల కుర్తా భుజం మీద పడిన నీలి మరక ఇంకా పూర్తిగా పోలేదు. కొన్నప్పుడు ఎవరైనా ఒక్క మాట హెచ్చరించి ఉంటే ముందే వేరుగా ఉతికేదాన్ని. కొంగు దగ్గర రెండు అచ్చులు కలిసే చోట నల్ల అంచు కొంచెం మందమైంది. గుడ్డ కూడా మొదట్లో గరుకుగా, భుజం మీద బరువుగా ఉంటుంది. పల్చటి మల్లు గుడ్డకు అలవాటుపడిన వారికి మొదటి నెల నచ్చకపోవచ్చు. నాలుగైదు ఉతుకుల తర్వాత అది మెత్తబడి, చలికాలం ఉదయాల్లో శాలువాలా పనికి వస్తోంది.

ఆ గరుకుదనానికి కారణం కాలా పత్తి. వాన నీటి మీదే పండే కచ్ఛ్ నాటు పత్తి అది, పోగు పొట్టిగా ఉంటుంది, మిల్లులకు పనికిరాదని పక్కన పెట్టేశారు. భూకంపం తర్వాత 2005లో కచ్ఛ్ నవనిర్మాణ్ అభియాన్, నెహ్రూ ఫౌండేషన్ ఫర్ డెవలప్‌మెంట్ కలిసి కుకమా దగ్గర ఏర్పాటు చేసిన ఖమీర్ సంస్థ, ఆ పత్తిని రైతు దగ్గర నుంచి నూలు వడికేవారికి, అక్కడి నుంచి నేతగాళ్లకు చేర్చే దారిని మళ్లీ తెరిచింది. నేను ఈ గుడ్డను ఇష్టపడటానికి అదొక పెద్ద కారణం. ఒక దుపట్టా కొంటే రైతు, వడికే మనిషి, వణకర్ నేతగాడు, అచ్చులు చెక్కేవాడు, ఖత్రీ అద్దకందారు, ఇంతమందికి పని దొరుకుతుంది. భూకంపం వచ్చిన మొదటి వారాల్లో దుప్పట్లు, బియ్యం, గుడారాలు పంపినవారి మేలు మరిచిపోలేనిది. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆర్డర్లు ఇచ్చి, ముందస్తు డబ్బు కట్టి, గుడ్డ బాగాలేకపోతే బాగాలేదని చెప్పినవారి సహాయమే ఊరిని నిలబెట్టిందని నా నమ్మకం. కచ్ఛ్‌కు ఇది కొత్త పాఠం కాదు. 1969 కరువులో రామకృష్ణ మిషన్ సహాయ కార్యక్రమాల కోసం ధనేటి గ్రామానికి వెళ్లిన చందాబెన్ ష్రాఫ్‌ను, అక్కడి స్త్రీలు ఊరికే ఇచ్చేది పుచ్చుకోవడానికి మనసొప్పక పని అడిగారు. వారి కుట్టుపనితోనే శ్రుజన్ అనే సంస్థ మొదలైంది. ఆ సంస్థ నెలకొల్పిన ఎల్‌ఎల్‌డీసీ (లివింగ్ అండ్ లెర్నింగ్ డిజైన్ సెంటర్) చేతిపనుల ప్రదర్శనశాల 2016 నుంచి అజ్రఖ్‌పూర్‌లోనే ఉంది. కొనే ముందు అక్కడ ఒక పూట గడిపితే కన్ను పదునెక్కుతుంది.

ఆ పదును లేక నేను ఒకసారి మోసపోయాను. అంతకు ముందు ఏడాది ఒక నగర ప్రదర్శనలో, భూకంప బాధిత కళాకారులకు చేయూత అన్న అట్ట తగిలించిన దుకాణంలో 900 రూపాయలకు ఒక అజ్రఖ్ దుపట్టా తీసుకున్నాను. ఇంటికి వచ్చి తిరగేస్తే రెండో వైపు వెలవెలబోతోంది, అది స్క్రీన్ అచ్చు. రెండో ఉతుక్కే నలుపు బూడిద రంగుకు తిరిగింది. డబ్బు పోయినందుకు కాదు, చచ్చి బతికిన ఊరి పేరు చెప్పి ఆ ఊరి పనికే గండి కొట్టినందుకు నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2024లో కచ్ఛ్ అజ్రఖ్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కాబట్టి, కొనేవారు ఆ గుర్తింపు గురించి నిలదీసి అడగవచ్చు. ఎరుపు మంజిష్ఠతో వచ్చిందా, కృత్రిమ అలిజరిన్‌తో వచ్చిందా అని కూడా అడగాలి. రెండూ వాడుకలో ఉన్నాయి, నిజాయితీ గల అద్దకందారు దాచరు. నేను కొన్నచోట అడగ్గానే ఏ గుడ్డకు ఏది వాడారో విడివిడిగా చూపించారు.

ధర ఎక్కువే, నేను కాదనను. కానీ రెండు వైపులా అచ్చు, పద్నాలుగుకు పైగా దశలు, రోజుల తరబడి ఉతికి ఆరబెట్టడం కళ్లారా చూశాక బేరమాడటానికి నోరు రాలేదు. కుంకుడు రసంతో గానీ, గాఢత లేని సబ్బుతో గానీ ఉతికి, నీడపట్టున ఆరవేయాలి. ఇదే అచ్చులో నీలం పాలు ఎక్కువగా ఉన్న ఇంకొకటి మా అక్క కోసం చెప్పి వచ్చాను. వానల్లో గుడ్డ సరిగా ఆరదని, ఆరకుండా నీలిమందులో ముంచితే మచ్చలు పడతాయని, కాబట్టి దసరా దాటాకే పంపుతామని చెప్పారు. సగం డబ్బు ముందే కట్టాను.