షుగర్ వల్ల కాళ్ళ మంటలు: ప్రిగాబాలినా, డ్యులాక్సెటినా?

షుగర్ ఉన్నవాళ్ళకి రాత్రయితే అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, సూదులతో గుచ్చినట్టు పోట్లు... డాక్టర్లు ఎక్కువగా రాసేది ఈ రెండు మందుల్లో ఒకటి. రెండూ నొప్పి తగ్గిస్తాయి అంతే, దెబ్బతిన్న నరాన్ని బాగుచెయ్యవు, నరాలు ఇంకా పాడవకుండా ఉండాలంటే షుగర్ కంట్రోల్ చేసుకోవాల్సిందే.

ఖర్చు: రెండిట్లోనూ జెనరిక్ దొరుకుతుంది, పెద్ద తేడా చూడక్కర్లేదు.

వాడకం: డ్యులాక్సెటిన్ మామూలుగా రోజుకి ఒకసారి, 60 ఎంజీ. ప్రిగాబాలిన్ రోజుకి రెండు మూడు సార్లు పడొచ్చు.

ఇబ్బందులు: ప్రిగాబాలిన్ తో మత్తు, తల తిరగడం, బరువు పెరగడం, పాదాల వాపు, అసలే షుగర్ మనిషికి బరువు పెరగడం అంటే ఇంకో తలనొప్పి కదా. డ్యులాక్సెటిన్ తో మొదట్లో వికారం, నోరు ఎండిపోవడం, కొందరికి బీపీ పెరుగుతుంది.

రిస్క్: కిడ్నీ వీక్ గా ఉంటే ప్రిగాబాలిన్ డోసు తగ్గించాలి, డ్యులాక్సెటిన్ అయితే కిడ్నీ బాగా పాడైనా, లివర్ జబ్బున్నా వద్దంటారు. ఏదైనా సరే ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.

మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు విటమిన్ బి12 టెస్ట్ కూడా అడగండి, అది తగ్గినా ఇవే తిమ్మిర్లు. నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గుతోందంటే మాత్రం అది రక్తప్రసరణ సమస్య కావచ్చు, వెంటనే చూపించుకోండి.

నొప్పికి నిద్ర పట్టట్లేదా, ప్రిగాబాలిన్ నయం. దిగులు కూడా ఉందా, బరువు పెరగకూడదా, పగలు డ్రైవింగ్ ఉందా, అప్పుడు డాక్టర్ని డ్యులాక్సెటిన్ గురించి అడగండి.