మట్టిని శుభ్రం చేయడానికి ఇడియోనెల్లానా, సూడోమోనాస్ పుటిడానా: ఏది మేలు?

ప్లాస్టిక్ తినే బాక్టీరియా అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇడియోనెల్లా సకాయెన్సిస్. జపాన్‌లోని సకాయ్ నగరంలో పెట్ (PET) అనే ప్లాస్టిక్‌తో చేసిన సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర సేకరించిన నమూనాల్లో ఇది దొరికింది. 2016లో ఆ సంగతి బయటికొచ్చాక ప్లాస్టిక్ బెడద తీరిపోయినట్టే చాలామంది రాశారు. దాని పనితనం నిజంగానే అబ్బురం. పెటేజ్ అనే ఎంజైమ్ పెట్‌ను ముక్కలు చేస్తే, మరో ఎంజైమ్ ఆ ముక్కలను టెరెఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్‌గా విడగొడుతుంది.

కానీ అది తిన్నది పలుచని పెట్ ఫిల్మ్‌ని. 30 డిగ్రీల వేడిలో దాన్ని దాదాపుగా కరిగించడానికి ఆరు వారాలు పట్టింది. సీసాలో అణువుల గొలుసులు బిగుతుగా పేర్చుకుని ఉంటాయి కాబట్టి ఎంజైమ్‌కు అంత తేలిగ్గా సందు దొరకదు. పాలిథీన్ సంచి సంగతి సరేసరి, పెటేజ్ తెంచే ఎస్టర్ బంధాలే అందులో ఉండవు.

సూడోమోనాస్ పుటిడా అనే బాక్టీరియాకు అంత పేరు లేదు. మట్టికి పెట్రోల్ పట్టిన చోట మాత్రం నా ఓటు దీనికే. పెట్రోల్‌లోని టోలుయిన్, జైలీన్ చాలా జీవులకు విషం. ఎంటీ-2 అనే పుటిడా రకం వాటినే తిని బతుకుతుంది. ఆ రసాయనాల్లోని బెంజీన్ వలయాన్ని తెంచే జన్యువులు దానిలోని టాల్ అనే ప్లాస్మిడ్‌పై, అంటే బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్కపై, ఉంటాయి. ఆ ప్లాస్మిడ్ పక్కనున్న బాక్టీరియాకూ అందగలదు, అంటే ఒకదాని విద్య మిగతావాటికీ అబ్బుతుంది! ఈ ఎంటీ-2 నుంచి వచ్చిన కేటీ2440 రకం జన్యుక్రమం 2002 నుంచీ అందుబాటులో ఉంది కాబట్టి దాన్ని మలచుకోవడమూ సులువు.

లోపాలూ ఉన్నాయి. ఈ పనికి దానికి ఆక్సిజన్ కావాలి, నీళ్లు నిలిచిన లోతు మట్టిలో డీలా పడుతుంది. ల్యాబ్‌లో పెంచి తెచ్చి చల్లితే అక్కడి స్థానిక బాక్టీరియాతో పోటీపడలేక అంతరించిపోవచ్చు కూడా. అందుకే చాలాచోట్ల కొత్త బాక్టీరియాను తేవడం కంటే, ఉన్నవాటికే నత్రజని, భాస్వరం అందించడం మంచిది. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు చేసిన పనుల్లో ఇదీ ఒకటి.

పెట్ చెత్తకైతే ఈ రెండింట్లో ఏ బాక్టీరియానూ మట్టిలో చల్లమని నేను చెప్పను. దానికి ట్యాంకులో ఎంజైమ్ మేలు. ఆకుల కంపోస్టులో దొరికిన ఒక ఎంజైమ్‌ను మార్చి, 72 డిగ్రీల వేడిలో 10 గంటల్లో 90 శాతం పెట్‌ను విడగొట్టినట్టు 2020లో ప్రకటించారు. అలా వచ్చిన టెరెఫ్తాలిక్ ఆమ్లాన్ని తినేలా పుటిడాను జన్యుపరంగా మార్చే పరిశోధనలూ జరిగాయి. నాకు ఎక్కువ ఆశ ఈ జోడీ మీదే.