పడవ అమ్మేముందు ఆటోనగర్ ఫైబర్ షెడ్డులో చేయించిన పని: నాలుగు స్టార్లు

మాకు విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణానది లంకలో కొంచెం పొలం ఉంది. కూలీలని, ఎరువు బస్తాలని దాటించడానికి పదేళ్ల కిందట 16 అడుగుల ఫైబర్ పడవ కొన్నాం, వెనక 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్. పొలం కౌలుకిచ్చేశాక ఇక పడవెందుకు, అమ్మేద్దామన్నారు నాన్నగారు. అయితే కొనేవాళ్లు కదిలేది కార్తీకం దగ్గర పడ్డాకే, అప్పటిదాకా పైనుంచి ఎప్పుడు నీళ్లు వదులుతారో తెలియదు కాబట్టి పడవ ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి కట్లు తెంచుకున్న పడవలు వెళ్లి ప్రకాశం బ్యారేజీ గేట్లకి కొట్టుకున్నాయి కదా, అప్పటినుంచి మేం జూలై రాగానే ట్రాలీ మీద ఇంటికి తెచ్చేస్తున్నాం. ఈసారి ఆ మూడు నెలల్లో రిపేరు కూడా చేయించేద్దామనుకున్నాం.

ముందు అడిగిన ఒకచోట, పేరు వద్దులెండి, గీతల మీద పుట్టీ పెట్టి మంచి నీలం రంగు కొట్టిస్తే కొత్తదానిలా ఉంటుంది, రెండ్రోజుల్లో ఇచ్చేస్తామన్నారు. పడవని సరిగ్గా చూడను కూడా చూడలేదు. నాకు మనసొప్పలేదు. తర్వాత ఆటోనగర్‌లో బస్సులకి ఫైబర్ పని చేసే ఒక షెడ్డుకి తీసుకెళ్లాను, పడవలు కూడా చేస్తారని మా ఊరివాళ్లు చెప్పారు. ఈ రివ్యూ ఆ షెడ్డు గురించే.

అక్కడి మేస్త్రీగారు రంగు మాటే ఎత్తలేదు. స్క్రూడ్రైవర్ పిడితో పడవంతా కొట్టుకుంటూ వచ్చారు. అంతటా టక్ టక్‌మని గట్టిగా మోగింది గానీ ఇంజన్ తగిలించే వెనక పలక దగ్గరికి వచ్చేసరికి శబ్దం మెత్తబడిపోయింది. "రంగెందుకండీ, ముందు లోపల చెక్క సంగతి చూడాలి" అన్నారు. ఆ పలక పైకి ఫైబర్‌లా కనిపిస్తుంది గానీ లోపల ప్లైవుడ్ ఉంటుంది, బోల్టులు బిగించిన కన్నాల్లోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగి అది కుళ్లిపోతుంది. 25 హార్స్‌పవర్ ఇంజన్ ఫుల్లుగా తోసేటప్పుడు ఆ బరువంతా ఈ పలక మీదే పడుతుంది కదా. లోపలి వైపు ఫైబర్ కోసి చూపిస్తే చెక్క వేలితో నొక్కితే పిండిలా వచ్చేసింది, నిజంగా భయమేసింది నాకు, పోయినేడాది దాకా పదిమందిని ఎక్కించుకుని తిరిగాం దాంట్లో.

తడి చెక్కంతా తీసేసి, ఐఎస్ 710 ముద్ర (నీళ్లకి తట్టుకునే ప్లైవుడ్‌కి ఉండే ప్రమాణం) ఉన్న మెరైన్ ప్లై నాకు చూపించి మరీ కోశారు. దాని మీద రెజిన్ (గట్టిపడే జిగురు), మ్యాట్ (గాజుపోగుల గుడ్డ) పొరలు పొరలుగా వేయాలి, కానీ కింద తడి ఉంటే రెజిన్ పట్టదు, పైకి బాగానే ఉన్నా తర్వాత పొర లేచిపోతుంది. అందుకని పాతభాగం ఆరడానికి ఫ్యాన్లు, హాలోజన్ లైట్లు పెట్టి పన్నెండు రోజులు ఆగారు, ముసురు పట్టిన రోజున అసలు డబ్బా మూతే తీయలేదు. నేను తొందరపెట్టినా వినలేదు, అందుకు వాళ్లకి నేను రుణపడి ఉన్నాను. ప్రతి దశలో ఫొటోలు తీసుకోమని వాళ్లే చెప్పారు.

బయట గీతలకి జెల్‌కోట్, అంటే ఫైబర్ మీద ఉండే నున్నటి పైపూత, పూసి, 400 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 1200 దాకా నీళ్లతో రుద్ది వ్యాక్స్ పట్టించారు. శుభ్రంగా వచ్చింది.

ఇంజన్ మెకానిక్ వేరే ఆయన, అదే షెడ్డులో కూర్చుంటారు. కృష్ణలో ఉప్పు బాధ లేదు గానీ ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఒండ్రు ఇసుక లోపలికి పోయి, ఇంజన్‌ని చల్లబరిచే వాటర్ పంపులో తిరిగే ఇంపెల్లర్ రెక్కలు అరిగిపోతాయట. డ్రమ్ములో నీళ్లు నింపి ఇంజన్ కాలు ముంచి స్టార్ట్ చేస్తే పక్కనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు ధారగా చిమ్మాలి, మాది కారుతోందంతే. ఇంపెల్లర్ మార్చారు. గేర్ ఆయిల్ దింపితే పాలు కలిపిన టీలా వచ్చింది, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ ఉండే సీలు (రబ్బరు రింగు) దాటి నీళ్లు లోపలికి పోతున్నాయని అర్థం. ప్రొపెల్లర్ విప్పితే షాఫ్టుకి నైలాన్ వల దారం చుట్టుకుని సీలుని కోసేసింది. మీకు పడవుంటే ఏటా ఒక్కసారైనా ప్రొపెల్లర్ విప్పి చూడండి దయచేసి, సీలు ఖరీదు కొన్ని వందలే, గేర్లు పోతే వేలల్లో పని.

ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, నెలల తరబడి నిలవుంటే తేమ పీల్చుకుని నీళ్లు కిందకి చేరతాయి. అందుకని ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేసి, ప్లగ్గు కన్నంలో ఆయిల్ కొట్టి తాడు నాలుగైదుసార్లు లాగి పెట్టారు. బ్యాటరీ విప్పి ఇంటికిచ్చేశారు.

ఇక బాగోలేనివి. మూడు వారాలన్నది ఐదు వారాలైంది. వాన వల్ల ఆలస్యమైతే నాకేం బాధ లేదు, కానీ చివరి వారమంతా బస్సుల పని మీద పడి మాది పక్కన పెట్టారు, ఫోన్ కూడా ఎత్తలేదు, ఆ టెన్షన్ వేరే. అంచనా 30 వేలు చెప్పి 36,500 వేశారు, బిల్లు మీద ఒకటే అంకె. అడిగితే సామానుకింత, కూలికింత అని రాసిచ్చారు, అదేదో ముందే ఇవ్వచ్చుగా. ఆ ఒక్క స్టార్ అందుకే తీసేశాను.

కాగితాలు మాత్రం మీరే చూసుకోవాలి, షెడ్డువాళ్లకి సంబంధం లేదు. 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజన్ పడవకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ (పడవని తనిఖీ చేసి ఇచ్చేది) ఉండాలి. 2017 నవంబరులో కృష్ణా, గోదావరి నీళ్లు కలిసే పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఆ కార్తీక ఆదివారం మా వైపు ఎవరూ మర్చిపోలేదు, కొనడానికి వచ్చినవాళ్లు రేటు కన్నా ముందు కాగితాలే అడుగుతున్నారు.

కార్తీకం మొదటి వారంలో నాగాయలంక నుంచి ఒకాయన వచ్చారు. పడవ చుట్టూ తిరిగి, తిన్నగా వెనక్కి వెళ్లి ఆ పలక మీదే వేళ్లతో కొట్టి చూశారు. కుళ్లిన చెక్క ఫొటోతో సహా అన్నీ చూపించాను. పెద్దగా బేరమాడకుండానే మర్నాడు ట్రాలీ తెచ్చుకున్నారు.