ఇంటిపేర్లు కలవలేదని గది ఇవ్వలేదు: తమ్ముడితో గండికోట, లేపాక్షి బైకు యాత్ర

గండికోట లోయ ఎంత బాగుంటుందో రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రాస్తున్నది జమ్మలమడుగులో ఒక లాడ్జి కౌంటర్ ముందు గంటసేపు నిలబడ్డందుకు. పెళ్లయిన ఆడవాళ్లు సొంత తమ్ముడితో బైకు మీద ఊళ్లు తిరగాలనుకుంటే రోడ్డు కన్నా ముందు గది సంగతి తేల్చుకోవాలి.

బండి తమ్ముడిది, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. డిసెంబరు చలిలో తెల్లవారుజామున ఐదింటికి కూకట్‌పల్లిలో బయలుదేరాం. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేద్దామనుకోకండి, టూవీలర్లను రానివ్వరు. మెహదీపట్నం, ఆరాంఘర్, శంషాబాద్ మీదుగా ఊళ్లోంచే పోవాలి, అందుకే అంత పొద్దున్నే లేవడం. ఆ తర్వాత 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు దాకా హాయిగా సాగిపోతుంది. టోల్ గేట్ల దగ్గర బైకులకు డబ్బులు కట్టక్కర్లేదు. కర్నూలులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం, ప్లేటు 50 రూపాయలు. మావాడు నల్గొండలో పెరిగినవాడు. "బొరుగులు నానబెట్టి టిఫిన్ అంటారేందక్కా" అని మూతి ముడిచాడు. పుట్నాల పొడి రుచి తగిలాక మాట్లాడకుండా రెండో ప్లేటు చెప్పాడు.

బెలూం గుహలకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో జనాన్ని తిరగనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర. బయట చలికాలమైనా లోపల ఉక్కపోతే. పాతాళగంగ దగ్గరికి దిగేటప్పటికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రైడింగ్ జాకెట్లతో మాత్రం లోపలికి వెళ్లకండి. టికెట్ కౌంటర్ దగ్గర కూర్చున్నాయన మా జాకెట్లు, హెల్మెట్లు తన కుర్చీ వెనక పెట్టుకున్నాడు, చేతిలో డబ్బు పెట్టబోతే వద్దన్నాడు. రాత్రికి జరగబోయేది తెలియక, ఈ సీమలో మనుషులందరూ ఇంతేనేమో అనుకున్నాను.

జమ్మలమడుగు చేరేసరికి ఏడున్నర. యాప్‌లో గది ముందే బుక్ చేసి 1,450 రూపాయలు కట్టేశాం. కౌంటర్‌లో కుర్రాడు రెండు ఆధార్ కార్డులూ పక్కపక్కన పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి రెండు మూడు సార్లు చూశాడు. నా కార్డులో మా ఆయన ఇంటిపేరు, కూకట్‌పల్లి అడ్రసు. తమ్ముడి కార్డులో పుట్టింటి ఇంటిపేరు, నల్గొండ అడ్రసు.

"ఇంటిపేర్లు వేరే ఉండాయి మేడమ్."

పెళ్లయితే మారుతుంది కదా అన్నాను. అయితే సారు ఏరీ అన్నాడు. సారు హైదరాబాద్‌లో పిల్లాడికి పరీక్షలు చదివిస్తున్నాడని చెప్పాను. అది వినగానే అతని ముఖంలో అనుమానం ఇంకాస్త పెరిగింది.

నా డ్రైవింగ్ లైసెన్సు పెళ్లికి ముందు తీసుకున్నది. అందులో నాన్న పేరుంది, తమ్ముడి లైసెన్సులోనూ అదే పేరు. రెండూ తీసి బల్ల మీద పెట్టాను. ఇంక మాట్లాడటానికి ఏముంటుందని నా ధీమా. కుర్రాడు చదివి, "వెంకటేశ్వర్లు అనే పేరు ఊరికి పదిమందికి ఉంటాది మేడమ్" అన్నాడు. నిజమే, కాదనలేం. అమ్మకు వీడియో కాల్ చేశాను. అమ్మ సంగతి వినకముందే "అన్నం తిన్నారా, వాడు స్వెట్టర్ వేసుకున్నాడా" అని మొదలుపెట్టింది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలో నాకర్థం కాలేదు. ఫోన్లో ఎవరైనా మాట్లాడతారు అన్నాడు.

ఈలోగా లోపల్నుంచి మేనేజర్ వచ్చాడు. ఆయన మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. "అమ్మా, మీరు రెండు రూములు తీసుకోండి, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. రెండో గదికి ఇంకో 1,450. అంటే పరువూ, పోలీసు రూలూ అన్నీ ఆ 1,450 దగ్గర సర్దుకుంటాయన్నమాట. అప్పటిదాకా ఆకలితో నీరసంగా సోఫాలో కూర్చున్న తమ్ముడు లేచాడు. వాడికి కోపమొస్తే అరవడు, హెల్మెట్ పట్టీ బిగిస్తాడు. "పద అక్కా" అన్నాడు, అంతే.

పెళ్లికాని ఇద్దరు పెద్దవాళ్లు హోటల్ గదిలో ఉండకూడదని చెప్పే చట్టమేదీ లేదని మద్రాసు హైకోర్టు 2019లోనే అంది. మేమైతే అక్కాతమ్ముళ్లం. కానీ రాత్రి ఎనిమిదిన్నరకు, కడుపు కాలుతుండగా, లాడ్జి కౌంటర్ దగ్గర హైకోర్టు మాట ఎవడు వింటాడు?

గండికోట అక్కడికి పదిహేను కిలోమీటర్లు. చీకట్లో ఆ రోడ్డు మీద బండి నడపమని ఎవరికీ చెప్పను, గేదెలు అడ్డం వచ్చేదాకా కనపడవు. గండికోట ఊళ్లో టెంట్లు అద్దెకిచ్చే కుటుంబం ఒకటి దొరికింది. ఇద్దరికి ఒక టెంటు, పరుపులు, దుప్పట్లు కలిపి 1,000. భోజనం మనిషికి 180. ఆధార్ అడిగారు, నంబరు పుస్తకంలో రాసుకున్నారు, ఇంటిపేరు జోలికి పోలేదు. వడ్డిస్తున్న పెద్దమ్మ మాత్రం లాంతరు కాస్త పైకెత్తి మా ఇద్దరినీ చూసి, "తమ్ముడే కదమ్మే? ముక్కు చూస్తేనే తెలుస్తాంది" అంది. లాడ్జిలో గంటసేపు తేలనిది ఇక్కడ ఒక్క చూపుతో తేలిపోయింది.

ఆ భోజనం గురించి చెప్పాలి. రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు, పక్కన నాటుకోడి పులుసు, వేరుశనగ చట్నీ. సంగటిని నమలకూడదని, తుంచి పులుసులో అద్ది మింగేయాలని పెద్దమ్మ చూపించింది. కారానికి మావాడి కళ్లల్లో నీళ్లు, అయినా చెయ్యి ఆగలేదు. రెండో ముద్దకు డబ్బులు తీసుకోలేదు. లాడ్జి గొడవ తర్వాత వాడు మామూలుగా మాట్లాడింది అప్పుడే.

పొద్దున ఆరింటికే లోయ అంచుకు వెళ్లిపోండి. ఎర్రమల కొండల్ని పెన్నా నది నిలువునా కోసిన చోటు అది. మేం చూసిన చోట అంచున కంచె లేదు, సెల్ఫీల కోసం రాళ్ల మీదికి ఎగబాకే పిల్లలను చూస్తుంటే నాకు లోయ కన్నా టెన్షనే ఎక్కువైంది. కోట లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం తీరిగ్గా చూడటానికి రెండు గంటలు పెట్టుకోండి. నీళ్లు వెంట తీసుకెళ్లండి.

అక్కడి నుంచి కదిరి, తిమ్మమ్మ మర్రిమాను, లేపాక్షి. దారి బాగుంది, ఎవరితోనూ పేచీ రాలేదు. మర్రిమాను దాదాపు ఐదెకరాల్లో ఊడలు దించుకుని ఉంది, ఇదొక్కటే చెట్టంటే తమ్ముడు చివరిదాకా నమ్మలేదు. లేపాక్షి గుడిలో అందరూ వేలాడే స్తంభం కింద కండువా దూర్చే పనిలో ఉంటారు. మీరు మాత్రం తలెత్తి కప్పు మీది బొమ్మలు చూడండి. చీరల అంచులు కూడా తెలుస్తాయి. హిందూపురంలో గది 1,200, ఒక్క ప్రశ్న లేదు.

తిరుగు ప్రయాణానికి ముందు బాగేపల్లి వైపు కాస్త వెళ్లి కర్ణాటక బంకులో ట్యాంకు నింపించాం. మేం వెళ్లినప్పుడు ఆంధ్ర ధర కన్నా లీటరుకు ఆరు రూపాయలకు పైగా తక్కువ. పదమూడు లీటర్ల ట్యాంకుకు ఎంత మిగిలిందో తమ్ముడు అనంతపురం దాకా లెక్క చెబుతూనే ఉన్నాడు. మొత్తం పెట్రోలుకు 3,640 అయింది.

ఇక ఆ 1,450. మేం అసలు రానేలేదని లాడ్జివాళ్లు యాప్‌లో రాసేశారు. కౌంటర్ ముందు నుంచి అమ్మకు చేసిన వీడియో కాల్ స్క్రీన్‌షాట్, ఆ టైముతో సహా పంపితే, వారం తర్వాత యాప్‌వాళ్లు 1,000 రూపాయల కూపన్ ఇచ్చారు. జమ్మలమడుగులో ఆ కూపన్ చెల్లేది ఆ ఒక్క లాడ్జిలోనే. కాబట్టి ముందే డబ్బు కట్టకండి, అక్కడికెళ్లి కట్టే పద్ధతే ఎంచుకోండి. బుక్ చేసే ముందు లాడ్జికి ఫోన్ చేసి, అక్కాతమ్ముళ్లం, ఇంటిపేర్లు వేరు, గది ఇస్తారా అని సూటిగా అడగండి. "రండి మేడమ్, వచ్చాక చూద్దాం" అన్నారంటే ఇంకో చోటు చూసుకోండి.