వర్క్‌షీటా, కూరగాయల సంచీనా?

మూడో తరగతి పిల్లకి ఇంట్లో లెక్కలు ఎలా చేయించాలి? మా ఇంట్లో రెండు పద్ధతులూ నడిచాయి.

వర్క్‌షీట్ పదిహేను నిమిషాల పని. తప్పు ఎక్కడుందో వెంటనే కనిపిస్తుంది. ఎక్కాలకు, అప్పు తెచ్చుకునే తీసివేతలకు దీన్ని మించింది లేదు, అవి పదేపదే చేస్తేనే వస్తాయి.

భిన్నాల దగ్గర మాత్రం పేజీలు చాలలేదు. 1/4, 1/2లలో ఏది పెద్దదంటే మా పాప 1/4 అంది, రెండుకన్నా నాలుగు పెద్దది కదా అని. ఆ ఆదివారం మెహిదీపట్నం రైతుబజారుకు తీసుకెళ్లాను. 1999లో మొదలైన ఈ బజార్లలో ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, పిల్లలకు అంతకన్నా మంచి పలక ఏముంటుంది! కిలో 40 అయితే పావుకిలో పచ్చిమిర్చి ఎంత? వేళ్లు మడిచి లెక్కేసి, పది రూపాయలు తానే ఇచ్చింది. ఇంటికొచ్చాక వంటింటి కాటా మీద చూసుకున్నాం: పావు 250 గ్రాములు, అర 500, ముప్పావు 750. పావు, అర, ముప్పావు. భిన్నాలు మన మాటల్లోనే ఉన్నాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఆ మాటలు ఇంట్లోనే అందాలి.

దీనికి ఓపిక కావాలి, నిజమే. వెనక జనం తోసుకుంటుంటే పిల్ల లెక్క తేల్చేదాకా ఆగడం కష్టం. ఆఫీసు నుంచి రాత్రికి చేరేవాళ్లకు రోజూ కుదరదు కూడా.

నన్నడిగితే కొత్త పాఠం సంచీతో మొదలుపెట్టండి, అర్థమయ్యాక వర్క్‌షీట్ ఇవ్వండి. బజారు వారానికి ఒక్కసారి చాలు. ఎక్కాలు మాత్రం రోజూ.